మైన కృతక వివేకం: సంజీవరెడ్డినగరీయ టీకా తాత్పర్య సహితం

పీఠిక

మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథసూరి స్వస్థలం. కాళిదాసు కావ్యాలు మూడింటికి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే మాట ఇచ్చి, దానికి కట్టుబడ్డాడు. ఈ వ్యాఖ్యాత ఆ మాట ఇవ్వలేడు. కారు పాలిష్ మీద నోరు విప్పినవాడు అక్కర లేనిది చెప్పకుండా ఆగిన దాఖలా అమీర్‌పేట చరిత్రలో లేదు.

అయినా పేరు విషయంలో సూరిగారి అడుగుజాడల్లోనే నడుస్తున్నాం. ఆయనది సంజీవని, మనది సంజీవరెడ్డినగరీయం. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న కాలనీ ఇది. ఆ పేరును పూర్తిగా పలికే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. ఆటోవాలా నుంచి మెట్రో ప్రకటన దాకా అందరికీ ఎస్.ఆర్. నగరే.

మూలపద్యం కవి ఎవరని అడగవద్దు. పద్యం, టీక ఒక చేతివే. కాబట్టి కవి హృదయం అందలేదని తప్పించుకునే వీలు వ్యాఖ్యాతకు లేదు.

సందర్భం

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్ వెనక వీధుల్లో ఒక గృహస్థు. ఫ్లాట్ కొన్ననాడు సెల్లార్‌లో స్కూటర్లకు సరిపోయినంత చోటు ఉంది. తరవాత ప్రతి ఇంటికీ కారు వచ్చింది, చోటు మాత్రం పెరగలేదు. చీటీ వేస్తే ఈయనకు వీధి వచ్చింది. కొత్త కారును వీధిలో పెట్టాక నిద్ర పట్టక, రెండు డబ్బాలు కొనుక్కొచ్చాడు. ఒకటి మైనం, రెండోది సీలెంట్. ఏది పూయాలని పొరుగాయన్ని అడిగితే మైనమన్నాడు. బావమరిదిని అడిగితే సీలెంటన్నాడు. షోరూమ్‌కు ఫోన్ చేస్తే రెండూ వద్దు, మా దగ్గర కోటింగ్ చేయించుకోండన్నారు. ఈ త్రిశంకు స్థితిలో ఉన్నవాడిని ఉద్దేశించి కవి ఇలా అంటున్నాడు.

మూలం

ఆ. మైనమిచ్చు మెరుపు మాసమొక్కటె గాని
యెండ కోర్చు కృతకమేడు నెలలు;
నీడ లేని వాని నిగనిగ లేలరా?
వినుము కారువాడ విన్నపమ్ము!

ప్రతిపదార్థం

కారువాడ = ఓ కారువాడా (దీని మీద రగడ ముందుంది); విన్నపమ్ము వినుము = నా మనవి ఆలకించు; మైనము = కార్నూబా అనే చెట్టు మైనము; ఇచ్చు మెరుపు = కలిగించే నునుపైన కాంతి; మాసము ఒక్కటె కాని = నెల మాత్రమే తప్ప నిలవదు; కృతకము = మనిషి చేసిన పూత, అనగా సీలెంట్; ఏడు నెలలు = ఏడు మాసములు (ఇదీ వివాదాస్పదమే); ఎండకు ఓర్చు = ఎండను తట్టుకొనును; నీడ లేని వాని = పార్కింగ్ దొరకనివాని యొక్క; నిగనిగలు = తళతళలు; ఏలరా = ఎందుకురా?

టీక

మైనము: ఇది తేనెపట్టు మైనం కాదు. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో, సియారా, పియావీ ప్రాంతాల్లో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల మీద పేరుకునేది. అక్కడి ఎండకు తన నీరు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకుకు తానే పూసుకున్న పూత. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడిగా రాలుతుంది. కరిగిస్తే గట్టి పెళ్లలవుతుంది. మందుబిళ్లల పైపూతకు, రంగుల మిఠాయి గోళీల మెరుపుకు వాడేదీ ఇదే. ఆహారంలో కలిపే పదార్థాల పట్టికలో దీని సంఖ్య ఇ903. అంటే గృహస్థు పొద్దున బీపీ బిళ్లతో లోపలికీ, ఆదివారం గుడ్డతో కారుకూ ఒకే మైనం పూసే అవకాశం ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ. కార్నూబా కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీల వేడి కావాలి. ప్రకృతిలో దొరికే మైనాల్లో ఇంత గట్టిది మరొకటి లేదు. మే నెల మధ్యాహ్నం నల్ల కారు బానెట్ 70 డిగ్రీల దరిదాపులకు పోతుందేమో గానీ 82కు పోదు కదా. మరి నెలకే పోతుందని కవి అనడం ఏమి న్యాయం?

సమాధానం. శుద్ధమైన కార్నూబా ఇటుకంత గట్టిది. దాన్ని కారుకు పూయలేం, గీకగలం. అందుకని డబ్బాలో దానికి నూనెలు, ఆవిరయ్యే ద్రావకాలు, మెత్తని ఇతర మైనాలు కలుపుతారు. తేనె మైనం 62, 64 డిగ్రీలకే కరుగుతుంది. డబ్బా మీద 100 శాతం కార్నూబా అని ఉంటే, అందులో ఉన్న మైనం భాగం అంతా కార్నూబా అని అర్థం చేసుకోవాలి గానీ డబ్బా అంతా అదే అని కాదు. పైగా అది రంగును గట్టిగా పట్టుకుని ఉండదు, మీద పరుచుకుని ఉంటుంది అంతే. ఎండకు మెత్తబడుతుంది, దుమ్మును అంటించుకుంటుంది, సబ్బు నీళ్లకు వదిలిపోతుంది. కాబట్టి మాసమొక్కటె అన్నది నిందావాక్యం కాదు, నిజం చెప్పడం. నీడలో ఉండి, మంచి షాంపూ పడితే రెండో నెల కూడా లాగుతుంది.

మెరుపు: ఇది మైనం సొమ్మా, రంగు సొమ్మా? రంగుదే. కారు రంగు మొత్తం మందం 100 మైక్రాన్లు, కాస్త అటూ ఇటూ. తుప్పు పట్టకుండా అడుగు పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోట్. ఈ చివరిది 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా సన్నం. మనం మైనం పూసినా, సీలెంట్ పూసినా దీని మీదే, అదీ మైక్రాన్‌లో ఒక వంతు. సన్నని గీతల్లోకి మైనం దిగి పూడ్చడం వల్ల వెలుగు చెదరకుండా తిరిగివస్తుంది. నలుపు, ముదురు ఎరుపు కార్ల మీద ఇది తడి ఆరని రంగులా కనబడుతుంది. తెల్ల కారు మీద ఆ తేడా పూసినవాడికి తప్ప ఎవరికీ కనబడదు. ఎస్.ఆర్. నగర్ వీధుల్లో ఎటు చూసినా తెల్ల కార్లే. కాబట్టి మైనం పక్షాన వాదించేవాడు మొదట కారు రంగు చెప్పాలి.

పూర్వ వ్యాఖ్యాతల మతం: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపిన పెద్దలు మైనం లేనిదే బండి లేదంటారు. వారి కాలానికి అది సత్యమే. ఆ రంగుల పైన క్లియర్ కోట్ లేదు. ఎండకు రంగే సున్నంలా పొడి రాలేది, పాలిష్ పెట్టిన గుడ్డకు కారు రంగు అంటుకునేది. ఆ పొడిని తీసి మైనం అద్దకపోతే రెండు వేసవుల్లో బండి వెలిసిపోయేది. వారి విధి వారి రంగుకు చెల్లింది. పైన పారదర్శక పూత ఉన్న నేటి కారుకు అదే విధిని వర్తింపజేయడం కాలాతిక్రమణ దోషం. పెద్దలను ఖండించాల్సిన పని లేదు. వారి బండ్లను స్మరిస్తే చాలు.

కృతకము: సీలెంట్. సిలికోన్లు, ఇతర పాలిమర్లు కలిసిన ద్రవం. ఆరేటప్పుడు వీటి గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి, రంగు మీద పలచని పొరగా పట్టుకుంటాయి. అందుకే ఎండకు మైనం కన్నా ఓరుస్తుంది, సబ్బుకు అంత తొందరగా లొంగదు. మెరుపు మాత్రం గాజు తరహా. చల్లని తళుకు తప్ప మైనం ఇచ్చే ఆ నిండుదనం లేదని రసికుల ఫిర్యాదు.

అయితే కృతకానికి రెండు నియమాలు ఉన్నాయి. మొదటిది, అడుగున ఏమీ ఉండకూడదు. పాత మైనం మీద సీలెంట్ పూస్తే అది రంగును పట్టుకోదు. మైనాన్ని పట్టుకుని, మైనంతో పాటే పోతుంది. సీలెంట్ ఆరాక దాని మీద మైనం పూయవచ్చు. ఈ వరస తప్పితే రెండు డబ్బాల ఖర్చూ వృథా. రెండోది, పూసిన తరవాత 12 నుంచి 24 గంటలు నీరు తగలకూడదు. ఎస్.ఆర్. నగర్‌లో ఏడు నెలలు ఎండకు ఓర్వడం కన్నా ఇది కష్టం. పై బాల్కనీలో తులసికోటకు పోసిన నీళ్లు, మూడో అంతస్తు ఏసీ పైపు చుక్కలు, పక్కింటి వాకిలి కడుగు, దారిన పోతూ కారిపోయే వాటర్ ట్యాంకర్: ఇన్నిటి మధ్య ఒక రోజంతా పొడిగా గడిపిన కారు ఈ వీధిలో ఉంటే దానికి పూతే అక్కర్లేదు.

ఏడు నెలలు: ఇక్కడ వ్యాఖ్యాతలకు చేతినిండా పని. సీసాల మీద ఎక్కువగా ఆరు నెలలనే ఉంటుంది, కొన్ని ఏడాది అంటాయి. ఏడు ఎక్కడిది? ఒకరంటారు: యె అనే అక్షరంతో పాదం మొదలైంది గనుక యతి కుదరడానికి ఏడు వేశాడు, ఆరు వేస్తే యతి చెడుతుంది, ఛందస్సు కోసం పెరిగిన నెల అది. ఇది పామరమతం.

సిద్ధాంతం ఏమనగా: కవి పంచాంగం చూసి రాశాడు. ఉగాదికి సీలెంట్ పూసి దసరాకు మళ్లీ చూడమని ఆయన భావం. చైత్రం మొదలు లెక్కిస్తే ఆశ్వయుజం ఏడో నెల. పాడ్యమి నుంచి విజయదశమికి రోజులు లెక్కిస్తే ఆరు నెలల పది రోజులు. సీసాది రోజుల లెక్క, కవిది మాసాల లెక్క. ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఆ ఏడు నెలల్లోనే రోహిణి కార్తె ఎండ, మృగశిర తొలి వాన, శ్రావణ భాద్రపదాల ముసురు అన్నీ అయిపోతాయి. కారు రంగుకు గండకాలం అంతా అందులోనే ఉంది. ఆ తరవాత కార్తీకం నుంచి మాఘం దాకా ఎండ చల్లబడుతుంది, వాన ఉండదు. మైనం తన ముచ్చట తీర్చుకోవలసిన ఋతువు అది. పైగా పెళ్లిళ్ల కాలం. నిగనిగ అక్కరకొచ్చేది అప్పుడే.

నీడ: నీడ మూడు విధాలు. సెల్లార్ నీడ ఉత్తమం, మెట్రో నీడ మధ్యమం, చెట్టు నీడ అధమం. చెట్టు నీడ అధమమా అని ఆశ్చర్యపోవద్దు. వీధిలో కానుగ చెట్టు కింద ఆపిన కారు మీద పొద్దుటికి మూడు రకాల సరుకు ఉంటుంది: జిగురు, పూరేకులు, పావురాల రెట్ట. మొదటి రెండూ సబ్బుతో పోతాయి. రెట్టలో ఆమ్లం ఉంది. ఎండ ఎక్కేదాకా వదిలేస్తే క్లియర్ కోట్‌ను తినేసి, కడిగినా పోని మచ్చ చేస్తుంది. ఇక్కడ మైనమైనా, కృతకమైనా ఇచ్చేది కాస్త వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో తడి గుడ్డ వేసి నానబెట్టి తీసినవాడే గెలుస్తాడు. ఇక మెట్రో నీడ. 2017 నవంబరు 28న మెట్రో ప్రారంభమయ్యాక అమీర్‌పేట నుంచి ఎర్రగడ్డ వైపు రోడ్డుకు పైకప్పు వచ్చినట్టయింది. ఆ నీడలో కారు ఆపితే ఎండ తగలదు, చలానా తగులుతుంది. కావున మధ్యమం.

నిగనిగలేలరా: ఇది కాకువు. ప్రశ్న రూపంలో ఉన్న ఈసడింపు. వీధిలో ఉన్నవాడికి కావలసింది మెరుపు కాదు, ఓర్పు అని భావం. సెల్లార్ ఉన్నవాడు నెలకోసారి మైనంతో ముచ్చట పడవచ్చు. వీధివాడు సీలెంట్‌తో సరిపెట్టుకోవాలి. ఇంతటితో గృహస్థు ప్రశ్నకు జవాబు అయిపోయినట్టే కనబడుతుంది. కాదు. అసలు చిక్కు నాలుగో పాదంలో ఉంది.

కారువాడ: ఎవరీ కారువాడు? కారు గలవాడు అని కొందరు, కారు కడిగేవాడు అని కొందరు. రెండూ గ్రాహ్యమే, బరువు మాత్రం రెండో అర్థం మీదే. గృహస్థు ఏడాదికి రెండుసార్లు కారును ముట్టుకుంటాడు. వాచ్‌మన్ రోజూ ముట్టుకుంటాడు. రంగు బతుకు ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా?

తెల్లవారుజామున ఐదున్నరకు చూడండి. ఒక బకెట్, ఒక పాత బనీను గుడ్డ, ఆరు కార్లు. మొదట పొడిగుడ్డతో బానెట్ మీది దుమ్ము దులుపుతాడు. ఆ దుమ్ములో ఇసుక ఉంది, మెట్రో రోడ్డు మీది సిమెంటు పొడి ఉంది. పొడిగుడ్డ దాన్ని బానెట్ ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతుంది. తరవాత గుడ్డ ముంచి పిండి, పైకప్పు, తలుపులు, చక్రాల పైభాగం తుడుస్తాడు. మళ్లీ అదే బకెట్‌లో ముంచుతాడు. నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు టీ రంగులోకి మారతాయి. మన గృహస్థు కారు ఆరోది. ఎండ పడ్డప్పుడు బానెట్ మీద దీపం చుట్టూ తిరిగినట్టు కనిపించే సన్నని గుండ్రటి గీతలు ఆ ఆరో వంతు ఫలమే.

గృహస్థు అడిగాడు, కాస్త జాగ్రత్తగా తుడవకూడదా అని.

“రోజు తుడవకుంటే ఊకుంటరా సార్ మీరు? మైనం పెట్టినా, ఇంకోటి పెట్టినా, నాకిచ్చిన గుడ్డ ఇదే గద.”

ఇంతకు మించిన భాష్యం ఈ పద్యానికి లేదు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మంజీర నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు కారుకు. హైదరాబాద్ రాతి నేల. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. పూత కొత్తగా ఉన్నప్పుడు నీళ్లు బానెట్ మీద ముత్యాల్లా నిలబడతాయి. గృహస్థు దాన్ని ఫోటో తీసి బావమరిదికి పంపుతాడు. ఆ ముత్యాలు అక్కడే ఎండకు ఆరితే ఒక్కొక్కటి తెల్లని వలయం వదిలిపోతుంది. పూత ఎంత మంచిదైతే ముత్యాలు అన్ని, మరకలూ అన్ని. తుడిచి ఆరబెట్టని నీటికి సీలెంట్ మందు కాదు. బకెట్‌లో వాచ్‌మన్ వేసే బట్టల సబ్బు పొడి మాత్రం మైనానికి సరైన విరుగుడు. నెల నిలవాల్సింది నాలుగైదు కడుగుళ్లకే తీసేస్తుంది. మాఘంలో పూసిన మైనాన్ని ఉగాదికి ముందు తొలగించడమెలా అని బెంగ వద్దు. ఆ పుణ్యం సబ్బు పొడి కట్టుకుంటుంది.

ఉపవ్యాఖ్య: టెఫ్లాన్, సిరామిక్

పద్యంలో లేని ఇద్దరు ఈ వీధిలో ఉన్నారు గనుక నామమాత్రంగా చెబుతాం. టెఫ్లాన్ 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికిన పదార్థం. 327 డిగ్రీలకు గానీ కరగదు. పెనానికి దాన్ని పట్టించేది అంతకు మించిన వేడిలో. కారును అంత వేడి చేస్తే పూతకు కారు మిగలదు. కాబట్టి షోరూమ్‌లో చేసే టెఫ్లాన్ కోటింగ్‌లో అది పాలిష్‌తో పాటు కలిసిన పొడి అనుకోవాలి గానీ పెనం మీది పొర అనుకోకూడదు. సిరామిక్ సంగతి వేరు. సిలికా ఆధారంగా గట్టిపడే పూత. సరిగా వేస్తే సీలెంట్ కన్నా ఎక్కువ కాలం, ఏళ్ల లెక్కన నిలుస్తుంది, ఖర్చూ ఆ లెక్కనే. 9హెచ్ అంటే పెన్సిల్ ములుకుతో గీకి చూసే గట్టిదనం. వజ్రం అని కాదు. దాని మీద కూడా పైన చెప్పిన బనీను గుడ్డ తిరుగుతుంది.

విశేషాలు

దసరా నాడు ఆయుధపూజకు బానెట్ మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ మన ఆచారం. ఏ పూతా లేని పాత రంగు మీద తడి పసుపు కుంకుమ ఎండిపోతే మరక మిగలొచ్చు. పూత ఉన్న బానెట్ మీద మెత్తని తడిగుడ్డకు వస్తుంది. దేవికి భక్తి కావాలి, రంగుకు పొర కావాలి. రెండింటికీ విరోధం లేదు.

అలంకారం: కారువాడ అనే చోట శ్లేష. మైనం కన్నా కృతకానికి ఆధిక్యం చెప్పడం వల్ల వ్యతిరేకం. అతిశయోక్తి ఈ పద్యంలో లేదు. అదంతా డబ్బాల మీదే అయిపోయింది.

ఛందస్సు: ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యుడి వాటా ఎక్కువ కావడం విషయానికి తగినట్టే ఉంది.

తాత్పర్యం

ఓ కారువాడా! మైనం అందం ఇస్తుంది, నెలకే పోతుంది. సీలెంట్ అందం కాస్త తక్కువైనా ఉగాది నుంచి దసరా దాకా కాపు కాస్తుంది. కారు సెల్లార్‌లో ఉంటే, దాని రంగు ముదురుదైతే, నీకు ఆదివారాలు ఖాళీ ఉంటే మైనం పూసుకో. కారు వీధిలో ఉంటే, అందులోనూ తెల్లదైతే, సీలెంట్‌తో ఆగు. రెండూ కావాలంటే ముందు సీలెంట్, అది ఆరాక మైనం, తారుమారు చేయకు. కానీ ఈ రెండు డబ్బాలకు పెట్టే డబ్బులో ముందుగా వాచ్‌మన్‌కు రెండో బకెట్, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక కారు షాంపూ సీసా కొనిపెట్టు. దుమ్మును పొడిగా తుడవొద్దని, ముందు నీళ్లు కొట్టమని, చివర పొడిగుడ్డతో ఆరబెట్టమని చెప్పు. చెప్పినందుకు నెల జీతం మీద కొంత పెంచు. ఆరు కార్లకు ఒక బకెట్ మోసేవాడికి రెండో బకెట్ అంటే మెట్ల మీద మరో ఆరు తిరుగుళ్లు. ఆ పని నువ్వు చేయగలిగితే ఏ డబ్బా అయినా పనిచేస్తుంది. చేయలేకపోతే ఏ డబ్బా కొన్నా ఒకటే.

ఇది బల్కంపేట ఎల్లమ్మ తల్లి చల్లని చూపుతో, బోరు మోటారు హోరు నడుమ, వీధి పార్కింగ్ బాధిత జన హితార్థమై రచింపబడిన సంజీవరెడ్డినగరీయమను వ్యాఖ్యయందు మైన కృతక వివేకమను ప్రథమ ప్రకరణము సమాప్తము. ద్వితీయ ప్రకరణమున టైరు నలుపు విచారింపబడును.